ఆరువందల అడుగులు

ఆ ఏడాది పత్తి పది రోజులు ముందే పగిలింది. జూలైలో ఈజిప్టు సైన్యం రాజుగారిని ఓడ ఎక్కించి పంపేసింది. అదే నెలాఖరుకి పాషాలు, బేలు అనే బిరుదులన్నీ రద్దయ్యాయి. సెప్టెంబరు వచ్చేసరికి పెద్ద కుటుంబాల భూములు పంచుతామని చట్టం కూడా తెచ్చారు. ఓడలు బళ్ళు కావడం అంటే ఏమిటో దేశమంతా చూస్తోంది. మా నానమ్మ బెహిజా హానిమ్ మాత్రం ఎప్పటిలాగే కైరో ఇంటి కిటికీలు మూయించి, పదకొండు పెట్టెలు సర్దించి, తొలి పత్తి తీతకి మమ్మల్నందరినీ మా చేలున్న ఊరు నజ్లాకి బయల్దేరదీసింది.

"రాజు వెళ్ళాడు సరే. మనల్నెవరూ ఓడ ఎక్కించలేదుగా," అంది రైల్లో, చేతి తొడుగులు తీయకుండానే.

నానమ్మ ఖెదివ్ గారి మనవరాలు. దేశాన్ని ఏలినవాళ్ళ రక్తం. తన పెళ్ళికి రాజభవనం నుంచి వచ్చిన సారె గురించి నెలకోసారైనా చెప్పేది: "రత్నాల హారం, వెండి పళ్ళెం, యాకూత్ ఆగా." యాకూత్ ఆగా మనిషి. అంతఃపురం సేవకని పసితనంలోనే సూడాను నుంచి తెచ్చి పెంచిన మనిషి. పళ్ళెం పక్కన తన పేరు వినపడినప్పుడల్లా ఆయన తల వంచి నిలబడేవాడు. హారం ఎప్పుడో పోయింది. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు పళ్ళెమూ ఆగా మాత్రం ఆ ఏడాది కూడా మా వెంటే వచ్చారు.

నన్ను కని మా అమ్మ పోయింది. నాకు పాలిచ్చి బతికించింది పత్తి మేస్త్రీ మహ్రాన్ భార్య వహీబా. మాలో పాలిచ్చిన తల్లి కన్నతల్లితో సమానం. ఆవిడ భర్త తండ్రి, ఆవిడ కొడుకు తోడబుట్టినవాడు. అందుకని పదిహేడేళ్ళ నిమెత్‌కి, అంటే నాకు, ఇద్దరన్నలు. దివాణంలో జెలాల్ బే, దివాణానికి ఎదురు వీధి చివర మట్టి ఇంట్లో ఖల్లాఫ్.

నజ్లాలో ఒక పద్ధతి ఉండేది. మా ఇంటివాళ్ళు ఎదురైతే గాడిద మీద వెళ్తున్నవాడు దిగి, పక్కకి నిలబడి, మేం దాటాక మళ్ళీ ఎక్కాలి. తొలి తీత రోజు పొద్దున జెలాల్, నేను గుర్రాల మీద చేను గట్టున వెళ్తున్నాం. ఎదురుగా మహ్రాన్ గాడిద మీద వచ్చాడు. దిగలేదు.

"ఏం జెలాల్ అఫండీ, పత్తి ఎట్టుంది?" అన్నాడు మీసాల్లో నవ్వుతూ.

అఫండీ అంటే గుమాస్తాలనీ బడిపంతుళ్ళనీ పిలిచే పిలుపు. సాళ్ళ మధ్య పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు ముసుగు కొసలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"దిగు," అన్నాడు జెలాల్.

"మోకాలు పట్టేసింది నాయనా. అయినా నువ్వు రేడియో ఇన్లేదా? నిన్ను బే అని పిలిస్తే నన్ను కొట్లో ఏస్తారంట. ఈ వయసులో నాకెందుకు చెప్పు జైలు కూడు?"

అది వేళాకోళం. మహ్రాన్ అందరితోనూ అలాగే మాట్లాడేవాడు. జెలాల్‌ని ఐదేళ్ళప్పుడు తన ముందు కూర్చోబెట్టుకుని గుర్రం నేర్పింది ఆయనే. ఇంకో ఏడాది అయితే జెలాల్ కూడా నవ్వేసి ఊరుకునేవాడు. కానీ ఆ ఏడాది మా ఇంట్లో ఎవరికీ నవ్వు రావడం లేదు. కొరడా తీశాడు. నీటిగుర్రం తోలుతో చేసిన కొరడా, మా తాతగారిది. మొదటి దెబ్బకి మహ్రాన్ తలపాగా ఎగిరిపోయింది. రెండో దెబ్బకి చెవి దగ్గర్నుంచి పెదవి దాకా చీరుకుపోయింది. మూడో దెబ్బకి ఆయన కొరడా కొస ఒడిసిపట్టి ఒక్క గుంజు గుంజాడు.

జెలాల్ గుర్రం మీంచి కాలవ బురదలో బోర్లా పడ్డాడు.

ఈసారి ఆడవాళ్ళు నోటికి ఏమీ అడ్డం పెట్టుకోలేదు. పగలబడి నవ్వారు. మహ్రాన్ నోట్లో రక్తం ఉమ్మేసి గాడిద దిగాడు. "పడితే ఎట్టా పడాలో కూడా నేర్పాను గదరా నీకు," అంటూ లేపడానికి చెయ్యందించాడు.

జెలాల్ ఆ చెయ్యి పట్టుకోలేదు. తనంతట తాను లేచి, జీను పక్కనున్న వేటతుపాకీ లాగి, అంత దగ్గర్నుంచి ఆయన పొట్టలో కాల్చాడు.

నేను కేకపెట్టానో లేదో గుర్తులేదు. గాడిద పారిపోవడం గుర్తుంది. మహ్రాన్ రెండు చేతులతో పొట్ట పట్టుకుని సాళ్ళలోకి పాక్కుంటూ వెళ్ళాడు. ప్రాణం పోవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ జెలాల్ బురద కారుతున్న మొహంతో అక్కడే నిలబడ్డాడు. ఆ రెండు సాళ్ళ పత్తిని ఆ ఏడాది ఎవరూ ఏరలేదు.

తుపాకీ తుడుస్తుంటే పేలిందని ఊరిపెద్ద కాగితం రాశాడు. విచారణకి వచ్చినవాళ్ళు దాని కింద ముద్ర వేసి, మా ఇంట్లో పావురం కూరతో భోంచేసి వెళ్ళారు. పొద్దు గుంకకముందే మహ్రాన్‌ని పూడ్చేశారు. ఆ తర్వాత ఊరు చప్పబడిపోయింది. ఆ ఇంటి ముందు డేరా వెయ్యలేదు. ఖురాను చదివేవాణ్ణి పిలవలేదు. ఆడవాళ్ళు మొహాలకి నీలిమందు పూసుకుని వీధిలోకి వచ్చి శోకాలు పెట్టలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళకి చక్కెర లేని చావు కాఫీ ఇవ్వలేదు. అసలు ఎవరినీ గడప తొక్కనివ్వలేదు.

నాలుగో రోజు భోజనాల దగ్గర నానమ్మ తృప్తిగా అంది. "చూశావా ఖుస్రో? నోరెత్తి ఏడవను కూడా లేదు. మన ఉప్పు తిన్న విశ్వాసం ఇంకా చావలేదు వాళ్ళకి."

మా నాన్న ఖుస్రో పాషాకి తల్లి ఎదుట నోరు పెగలదు. అవునన్నట్టు తలూపి, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం వైపు చెయ్యి చాచాడు. జెలాల్ పళ్ళెం ముట్టుకోలేదు.

"అది విశ్వాసం కాదు నాన్నా," అన్నాను. "చంపినవాణ్ణి చంపేదాకా ఇక్కడ పరామర్శ పుచ్చుకోరు. వాళ్ళ ఏడుపు ఇంకా మొదలవలేదు."

నానమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పదిహేడేళ్ళయినా ఆ పాలు నీ ఒంట్లోంచి పోలేదే," అంది.

తొమ్మిదో రోజు బుధవారం. మధ్యాహ్నం దివాణమంతా కునుకు తీస్తుంటే నేను తోట తలుపు తీసుకుని పాలమ్మ ఇంటికి వెళ్ళాను. వహీబాని నేను పిలిచే పిలుపు అదే. ఆవిడ రొట్టెల పిండిని మట్టి పలకల మీద ఎండలో పెడుతోంది. పెరట్లో గేదెని కట్టే గుంజ ఖాళీగా ఉంది.

"గేదె ఏదమ్మా?" అన్నాను.

"అదుగో, గోడకి ఆనించి ఉంది."

గోడకి ఆనించి ఉన్నది రైఫిలు. దాని పక్కన గడ్డం పెరిగిన ఖల్లాఫ్. నాకన్నా నాలుగు నెలలే పెద్ద. ఈ తొమ్మిది రోజుల్లో ముప్పై ఏళ్ళవాడిలా అయిపోయాడు. వాడి తల మీద గూట్లో మడత పెట్టిన తెల్లగుడ్డ ఒకటి ఉంది. కఫన్. పూడ్చేముందు శవానికి చుట్టే గుడ్డ.

"అదెవరికి?"

"నాకే," అన్నాడు ఖల్లాఫ్. "మీ అన్నని చంపితే మీ కాపలావోళ్ళు నన్ను ఇంటికి రానిస్తారా ఏంది? అమ్మ ఆ రోజున గుడ్డ కోసం ఎక్కడ దేవులాడుద్ది? అందుకే తెచ్చిపెట్టా."

నాకు ఏడుపు ఆగలేదు. పాలమ్మ చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "కాఫీ ఇవ్వలేనమ్మా. ఈ ఇంట్లో ఇంకా కాఫీ కాగట్లా," అంది, ఏదో తప్పు చేసినదానిలా. కూజాలో నీళ్ళు వంచి ఇచ్చింది.

"నాకు వీడొక్కడే. వాడి అయ్య ఎట్టాగూ పోయాడు. వీడు కూడా పోతే ఈ రొట్టెలు ఎవరికి కాల్చాల? పెద్దోళ్ళ కాళ్ళు పట్టుకుని ఒప్పించా. వీణ్ణి ఒప్పించడానికి మూడు రోజులు అన్నం మానేశా. చివరికి సరేనన్నాడు. మీ అన్న తన కఫన్ తానే తీసుకుని రావాల."

అది ఆ నేల పద్ధతి. చంపినవాడు తన కఫన్‌ని తన రెండు చేతుల మీద మోసుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా, తల మీద ఏమీ లేకుండా, పట్టపగలు ఊరంతా చూస్తుండగా చచ్చినవాడి గుమ్మానికి రావాలి. ఇదిగో నా ప్రాణం, ఇదిగో నా గుడ్డ, మీ ఇష్టం అనాలి. చచ్చినవాడి కొడుకు ఆ గుడ్డ అందుకుని, అతని బదులు ఒక పొట్టేలుని కోస్తాడు. పగ అక్కడితో సరి.

"పొట్టేలుని కూడా తెచ్చి కట్టేశా," అంది పాలమ్మ. "ఎల్లుండి శుక్రవారం, నమాజు కాంగానే. మీ గేటు కాడ్నించి మా గుమ్మానికి ఆరొందల అడుగులు ఉంటయ్యేమో. అయ్యి నడిస్తే చాలు. మీ నానమ్మకి చెప్పు, నేను ఆస్తి అడగట్లా, నేల అడగట్లా. ఆరొందల అడుగులు అడుగుతున్నా."

నేను ఖల్లాఫ్ వైపు తిరిగాను. "వస్తే నిజంగా వదిలేస్తావా అన్నా?"

వాడు రైఫిలు పట్టీ సవరించాడు. "ఆడోళ్ళు నవ్వారని మా అయ్యని కాల్చాడు. ఆ ఆడోళ్ళ ముందు నుంచి తలగుడ్డ లేకుండా నడవనీ, చాలు. నాకు మాత్రం చావాలని ఉందా చెల్లీ? కానీ వాడే రావాల. వాడి కాళ్ళతో రావాల."

జెలాల్‌కి చెప్పడం నేననుకున్నంత కష్టం కాలేదు. నిద్రలేక వాడి కళ్ళు లోపలికి పోయాయి. నేను చెప్పింది విని, వరండా మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా విప్పి, ఫౌంటెను చుట్టూ పరిచిన గులకరాళ్ళ మీద నడవడం మొదలుపెట్టాడు. పాలరాయి, తివాచీ తప్ప మరొకటి తొక్కి ఎరగని పాదాలు. కుంటుతున్నాడు. పైకే లెక్కపెడుతున్నాడు.

"ఆరువందలు," అన్నాడు రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడి. మడమ దగ్గర రక్తం వస్తోంది. "నడవొచ్చే. నడవలేనంత దూరమేం కాదు."

"ఆడవాళ్ళు మళ్ళీ నవ్వుతారేమో."

"నవ్వుకోనీ. ఆ రోజు ఆయన నాకు చెయ్యిచ్చాడు నిమెత్. కళ్ళు మూస్తే చాలు, ఆ చెయ్యే కనపడుతోంది." ఇరవై మూడేళ్ళవాడు పసివాడిలా వెక్కిళ్ళు పెట్టాడు.

మేడ మీద కిటికీలోంచి నానమ్మ చూస్తోందని మాకు తెలియదు.

సాయంత్రం అందరినీ హాల్లోకి పిలిపించింది. "ఏదీ, కాళ్ళు చూపించు," అంది జెలాల్‌తో. చూపించాడు. మడమకి కట్టిన గుడ్డని చేతికర్రతో తాకి చూసింది. "మా తాతగారి ముందు ఈ దేశం మోకాళ్ళ మీద నడిచింది. నువ్వు మేస్త్రీ గుమ్మానికి ఉత్తకాళ్ళతో నడుస్తావా? వెళ్ళు. నా శవం దాటుకుని వెళ్ళు."

"అమ్మా, రోజులు మనవి కావు," అన్నాడు నాన్న. "ఒక్కసారి తల వంచితే పోయేదేముంది?"

"నువ్వు ఎప్పుడు ఎత్తావని వంచడానికి?"

అంతలోనే నానమ్మ గొంతు మెత్తబడింది. ఆవిడ రాయి కాదు. జెలాల్ ఆవిడ కంటిదీపం. అందుకే ఇదంతా చెప్పడం నాకింత కష్టం.

"నాకు మాత్రం వీడి ప్రాణం అక్కర్లేదనుకుంటున్నారా? వాళ్ళకి కఫన్ కావాలి, అంతేగా? పంపిద్దాం. సంత గుడ్డ కాదు, నాది పంపిద్దాం. మక్కాలో కొని, పవిత్రమైన జంజం బావి నీళ్ళలో తడిపి ఆరబెట్టి తెచ్చుకున్నది. ముప్పై ఏళ్ళ నుంచి గంధపు పెట్టెలో దాచుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "అంతఃపురంలో ఎవరి మనసైనా నొప్పిస్తే మనిషి వెళ్ళడు. తనకి అన్నిటికన్నా ప్రియమైన వస్తువుని పళ్ళెంలో పెట్టి, పైన మఖమలు కప్పి, పెద్ద ఆగా చేతికిచ్చి పంపుతాడు. ఖెదివ్ గారంతటివారు మా అమ్మకి అలాగే క్షమాపణ చెప్పుకున్నారు. ఇంతకన్నా పెద్ద మర్యాద ఈ భూమ్మీద లేదు."

నిజంగానే నమ్మి చెప్పింది. తన చావు గుడ్డని ఇచ్చేయడం ఆవిడకి చిన్న సంగతి కాదు.

"నానమ్మా, అన్నే మోసుకెళ్ళాలట. ఒకరింటికి కఫన్ పంపడం అంటే ఇక్కడ..."

"ఇక్కడ! ఇక్కడి ముచ్చట్లు నాకు చెప్పకు!" ఆవిడ విసనకర్ర నా నోటి మీద పడింది. దంతపు పిడి తగిలి పెదవి చిట్లింది.

జెలాల్ నా పెదవి చూశాడు, తన మడమ చూసుకున్నాడు. వంగి బూట్లు తొడుక్కున్నాడు. "నానమ్మ చెప్పినట్టే కానీ," అన్నాడు. ఆ గొంతులో సిగ్గు ఉంది. గండం తప్పిందన్న ఊరట కూడా ఉంది.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. గురువారమంతా నాకు టైముంది. తోట తలుపుకి తాళం లేదు. వెళ్ళి, అమ్మా, రేపు పళ్ళెం వస్తుంది, అది ముసలావిడ తెలియనితనం, వాణ్ణి నేను తర్వాత తీసుకొస్తాను అని పాలమ్మకి ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. వెళ్ళలేదు. మక్కా గుడ్డ కదా, రాజముద్ర ఉన్న పళ్ళెం కదా, పాలమ్మకి నేనంటే ప్రాణం కదా, సరిపోతుందేమో అనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. మా అన్న ఉత్తతలతో ఆ కూలి ఆడవాళ్ళ మధ్య నడవడం నాకూ ఇష్టం లేదు. ఆ పాలు నా ఒంట్లో ఎంత ఉన్నాయో ఈ రక్తమూ అంతే ఉంది మరి.

శుక్రవారం నమాజు అయ్యాక మేడ మీద చెక్క జాలీ వెనక నిలబడి చూశాను. ఊరంతా వీధికి రెండు వైపులా నిలబడింది. గేటు తెరుచుకుంది. నల్లకోటు, ఎర్రటోపీ, తెల్ల చేతితొడుగులు వేసుకుని యాకూత్ ఆగా బయటికి వచ్చాడు. రెండు చేతుల మీద వెండి పళ్ళెం. దాని మీద నీలం మఖమలు. రాజభవనంలో నడిచినట్టే, తొణకకుండా నడిచాడు.

ఖల్లాఫ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనక పొట్టేలు. వాడు ముందు ఆగాని చూడలేదు. ఆగా వెనక ఎవరొస్తున్నారో చూశాడు. ఎవరూ రావడం లేదు. అప్పుడు మఖమలు ఎత్తాడు.

గుంపులో ఒక ఆడమనిషి గుండెలు బాదుకుంది. మగవాళ్ళు నేలచూపులు చూశారు. నజ్లాలో బతికున్నవాడి ఇంటికి కఫన్ పంపితే దాని అర్థం ఒకటే. ఒకణ్ణి చంపాం, రెండోవాడికి గుడ్డ ఇదుగో అని. ఖల్లాఫ్ మఖమలు మళ్ళీ కప్పాడు. పళ్ళెం అందుకుని, ఆగాకి తల వంచి ఏదో చెప్పాడు. లోపలికి వెళ్ళి పొట్టేలు తాడు విప్పి వీధిలోకి వదిలేశాడు.

యాకూత్ ఆగా మొహం వెలిగిపోతూ తిరిగొచ్చాడు. "ఎంత మర్యాదగా పుచ్చుకున్నాడో అమ్మగారూ! సంతోషం పట్టలేక పొట్టేలుని కూడా వదిలేశాడు."

"చెప్పలేదూ?" అంది నానమ్మ. ఇంట్లో అందరికీ బాదం మిఠాయి పంచమంది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"'మీ బేకి చెప్పు, అందింది' అన్నాడు చిన్నమ్మగారూ."

మిఠాయి పళ్ళెం చేతిలో పట్టుకుని జెలాల్ గదికి వెళ్ళాను. వాడు కిటికీ దగ్గర ఉన్నాడు. మా గేటు పక్కన గడ్డి మేస్తున్న పొట్టేలునే చూస్తున్నాడు.

"దాన్ని కొయ్యాలి కదూ?" అన్నాడు.

"కొయ్యాలి. కొయ్యలేదు. నువ్వు బయటికి వెళ్ళకు. కైరో వెళ్ళిపో."

"వెళ్తే నాన్నని కాలుస్తాడు." కిటికీ మూశాడు. "రేపు పొద్దున నేనే వెళ్తాను. ఉత్తకాళ్ళతో. నువ్వు కూడా రా, నువ్వు పక్కనుంటే వాళ్ళు మాట వింటారు. వీధిలోంచి వద్దు. నానమ్మ కిటికీ కనపడుతుంది. చేల మీదుగా వెళ్దాం."

చేల మీదుగా. సగం ధైర్యం అంటే అదే. నేను కూడా సరేనన్నాను.

శనివారం మంచు విడవకముందే తోట తలుపు తీసుకుని దిగాం. జెలాల్ టోపీ లేదు, చెప్పుల్లేవు. చేతుల్లో కూడా ఏమీ లేదు. ఉండవలసిన గుడ్డ నిన్ననే వెళ్ళిపోయింది. పత్తి చేను నడుం దాకా ఉంది. గట్టు మీద వాడు ముందు, నేను వెనక.

"ఏం చెప్పాలే?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"ఇదిగో నా ప్రాణం, మీ ఇష్టం అనాలి."

"అంతేనా? సారీ అని..."

తుపాకీ పేలింది. ఏరకుండా వదిలేసిన రెండు సాళ్ళలోంచి వచ్చింది ఆ గుండు. జెలాల్ మెడ పట్టుకుని నా మీదికే విరుచుకుపడ్డాడు. రెండో గుండు వాడి ఛాతీలో దిగింది. వేడి రక్తం నా మొహమంతా కొట్టింది. ఇద్దరం కింద పడ్డాం.

జెలాల్ గుర్రం మీద తిరిగే గట్టని అక్కడే మాటు వేసిన ఖల్లాఫ్ సాళ్ళు తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. తుపాకీ ఎత్తే ఉంది. "పక్కకి జరుగు చెల్లీ," అన్నాడు. నేను గొట్టం పట్టుకున్నాను. అరచెయ్యి కాలింది. వదల్లేదు.

అప్పుడు వాడి చూపు గట్టు మీద చాచుకుని పడున్న జెలాల్ పాదాల మీద పడింది. రక్తం, మట్టి, మడమకి కట్టిన గుడ్డ.

"చెప్పులేయి?" అన్నాడు ఖల్లాఫ్.

"నీ దగ్గరికే వస్తున్నాడురా," అన్నాను. "నీ దగ్గరికే."

"మరి వీధిలో రాలేదేం?" వాడి గొంతు చీలిపోయింది. "చేలో ఎందుకొచ్చాడు? నాకు కాళ్ళు కనపళ్ళా! ఆకుల్లో కాళ్ళు కనపళ్ళా చెల్లీ!"

జెలాల్ చెయ్యి లేచింది. ఖల్లాఫ్ వైపో నా వైపో తెలియదు. అందేలోపే పడిపోయింది.

ఖల్లాఫ్ తుపాకీ వదిలేసి అక్కడే చతికిలబడ్డాడు. దివాణం కాపలావాళ్ళు దుడ్డుకర్రలతో పరిగెత్తుకొచ్చారు. వాడు లేవలేదు, చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. మొదటి దెబ్బ తల మీద పడింది. నేను వాడి మీద పడ్డాను. ఒక కర్ర నా మణికట్టుని విరగ్గొట్టింది. ఇప్పటికీ ఆ చెయ్యి తిన్నగా తిరగదు. నన్ను జుట్టు పట్టి పక్కకి ఈడ్చి, ఏడుగురు ఒక్కడిని కొట్టారు. చప్పుడు మారేదాకా కొట్టారు. ఆ చప్పుడు గురించి ఇంతకన్నా చెప్పలేను.

మధ్యాహ్నానికి జెలాల్‌కి స్నానం చేయించి హాల్లో పడుకోబెట్టారు. నాన్న తలుపు వేసుకుని లోపలే ఉండిపోయాడు. నానమ్మ శవం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుంది. బయట కాపలావాళ్ళు అరుస్తున్నారు, మహ్రాన్ ఇల్లు తగలబెడతామని. నేను విరిగిన చెయ్యి గుడ్డలో వేలాడదీసుకుని గోడవారన నిలబడ్డాను.

ఉన్నట్టుండి బయట అరుపులు ఆగిపోయాయి.

వీధి గేటులోంచి పాలమ్మ వస్తోంది. ఒక్కతే. ముసుగు లేదు. నెరిసిన జుట్టు విడిపోయి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. ముందుకి చాచిన రెండు చేతుల మీద మక్కా గుడ్డ. కర్రలు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే పక్కకి జరిగారు. మెట్లెక్కి, హాలు దాటి, నానమ్మ కుర్చీ ముందు ఆగింది.

నానమ్మకి డెబ్బై ఏళ్ళుగా నోటికి అలవాటైన మాట ఒకటే ఉంది. "ఎవరు పంపారు నిన్ను?"

"నన్నెవరు పంపుతారమ్మా? నేనే వచ్చా."

పాలమ్మ మోకాళ్ళ మీద వంగింది. "నా కొడుకు మీ మనవణ్ణి చంపాడు. వాడు రాలేడు గనక నేనొచ్చా. ఇదిగో గుడ్డ, ఇదిగో నా ప్రాణం. మీ ఇష్టం."

నానమ్మ ఆ పాదాల వైపే చూస్తోంది. పగుళ్ళలో వీధి దుమ్ము నిండిన పాదాలు. ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

"తీసుకో నానమ్మా," అన్నాను. "తీసుకుంటే అయిపోతుంది."

తీసుకుంది. పళ్ళెం లేకుండా, ఆగా లేకుండా ఒక మనిషి చేతిలోంచి ఆవిడ ఏదైనా అందుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గుడ్డని మొహానికి అదుముకుని, ఆ పన్నెండు రోజుల ఊరి మౌనమంతా బద్దలయ్యేలా బావురుమంది. ఆ గుడ్డలోనే జెలాల్‌ని చుట్టారు. ఖల్లాఫ్‌కి వాడు కొనుక్కున్నది ఉంది.

పాలమ్మ లేచి గుమ్మం వైపు నడిచింది. నేను చెప్పులు విడిచి ఆవిడ వెంట వెళ్ళాను. నన్నెవరూ ఆపలేదు. వీధి నేల కాలుతోంది. అటూ ఇటూ పత్తి ఏరే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ ఇంటి ముందు డేరా గుంజలు పాతుతున్నారు. తండ్రికీ కొడుక్కీ కలిపి ఒక్కటే డేరా. లోపల పొయ్యి మీద చక్కెర లేని కాఫీ కాగుతున్న వాసన వస్తోంది.

గుమ్మం ముందు పాలమ్మ ఆగి నా వైపు చూసింది. "ఏందమ్మా, గొణుక్కుంటా వస్తన్నావు?"

"అడుగులు లెక్కపెట్టానమ్మా."

"ఎన్ని?"

"నాలుగు వందల పన్నెండు."

పాలమ్మ వెనక్కి తిరిగి, వచ్చిన దారినీ దానికి అవతల దివాణం గేటునీ చూసింది.

"అంతేనా," అంది.